పాఠకుల ప్రశ్నలు: మనుషుల్లేని పగడపు దిబ్బలు మనకేం చెబుతాయి?

(జనావాసాలకు దూరంగా, వేట తగలకుండా మిగిలిన పగడపు దిబ్బల మీద గత సంచికలో వచ్చిన వ్యాసానికి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.)

ప్ర: పాడైపోతున్న దిబ్బలు కళ్లముందే ఉండగా, వేల కిలోమీటర్లు ఓడలో వెళ్లి బాగున్నవాటిని చూడటం దేనికి? ఆ డబ్బేదో పాడైనవాటి మీదే పెట్టొచ్చు కదా? – ఓ డిగ్రీ విద్యార్థిని

జ: ఒంట్లో వేడి 98.6 డిగ్రీలు ఉండాలని ముందే తెలుసు కాబట్టే, 102 చూడగానే జ్వరం అంటాం. పగడపు దిబ్బకు ఆ 98.6 ఎంతో చాలాకాలం ఎవరికీ తెలియదు. పరిశోధకులు వీపుకు సిలిండర్ కట్టుకుని దిబ్బల్లోకి దిగడం మొదలైందే 1950ల తర్వాత. అప్పటికే చాలా తీరాల్లో పెద్ద చేపలు వలలకు చిక్కి తరిగిపోయాయి. తరిగిపోయాక రాసుకున్న మొదటి లెక్కే ‘మామూలు’ అయి కూర్చుంది. తాత చూసిన సముద్రం మనవడు చూడలేదు, కానీ మనవడు తాను చూసిందే అసలు సముద్రం అనుకుంటాడు. కొలబద్ద ఇలా తరతరానికీ జారిపోతుందని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో హెచ్చరించారు.

జారిన కొలబద్దను సరిచేసుకోవాలంటే వేట తగలని దిబ్బ ఒకటి కావాలి. మధ్య పసిఫిక్‌లోని లైన్ దీవులు అందుకు బాగా పనికొచ్చాయి. కింగ్‌మన్ దిబ్బ మీద మనుషులే లేరు. పామైరాలో పరిశోధన కేంద్రం సిబ్బంది తప్ప ఎవరూ ఉండరు. తబువెరాన్‌లో జనం ఉన్నారు, కిరిటిమాటిలో ఇంకా ఎక్కువ. 2005లో ఈ నాలుగింటినీ ఒకే బృందం, ఒకే పద్ధతిలో కొలిచింది. కింగ్‌మన్‌లో హెక్టారుకు 5 టన్నులకు పైగా చేపలు లెక్కకొచ్చాయి. అందులో 85 శాతం సొరచేపలు, స్నాపర్లు, గ్రూపర్ల వంటి పెద్ద వేటచేపల బరువే. కిరిటిమాటికి వచ్చేసరికి ఆ వాటా 19 శాతం. నీటిలోని సూక్ష్మజీవులు మాత్రం కింగ్‌మన్ కంటే కిరిటిమాటిలో దాదాపు 10 రెట్లు.

ఇక్కడో మెలిక ఉంది. కిరిటిమాటి భూమధ్యరేఖకు దగ్గర. లోతులోంచి పోషకాలున్న నీళ్లు అక్కడ ఎక్కువగా పైకొస్తాయి. ఆ లెక్కన మనుషులు లేకుంటే అక్కడే చేపలు ఎక్కువ ఉండాలి. అంటే ఏ రెండు దీవుల మధ్య తేడానైనా పూర్తిగా మనిషి ఖాతాలో వేయకూడదు. అలల తాకిడి, పోషకాలు, నీటి వేడి, దిబ్బ ఆకారం ఎలా ఉన్నాయో ముందు చూసుకోవాలి. మనుషుల్లేని దీవుల్లో ఈ సహజ కారణాలను బట్టి అడుగున ఏం పెరుగుతుందో చాలావరకు ఊహించవచ్చు. జనం ఉన్న దీవుల్లో ఆ పొంతన చెడిపోతుంది. దూరపు దిబ్బ చెప్పే అసలు పాఠం అదేనని మా అభిప్రాయం. ‘ఇక్కడ ఇంత చేప ఉంది’ అనే అంకె దాని తర్వాతే.

ప్ర: నీళ్లలో ఈదే చేపల బరువు ఎలా తూస్తారు? హెక్టారుకు 5 టన్నులంటే నమ్మబుద్ధి కావడం లేదు. – విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

జ: మీ అనుమానం సరైనదే. దాన్ని శాస్త్రవేత్తలే ముందు లేవనెత్తారు.

చేపను పట్టరు, తూయరు. డైవరు అడుగున కొలత టేపు పరుచుకుంటూ వెళ్తాడు, దానికి అటూ ఇటూ నిర్ణీత వెడల్పులో కనిపించే ప్రతి చేప జాతినీ పొడవునూ పలక మీద పెన్సిల్‌తో రాస్తాడు. తర్వాత ఒడ్డున ప్రతి జాతికీ ఉన్న సూత్రంతో పొడవును బరువులోకి మారుస్తారు: బరువు = ఎ × పొడవు^బి. ఈ ‘బి’ చాలా చేపలకు 3కు దగ్గరగా ఉంటుంది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి చిక్కు ఎక్కడుందో ఈపాటికే పట్టేసి ఉంటారు. ‘ఎ’ 0.02, ‘బి’ 3 అనుకుందాం. 30 సెంటీమీటర్ల చిలుకచేప 540 గ్రాములు. దాన్నే 33 అని రాస్తే 719 గ్రాములు. పొడవులో 10 శాతం పొరపాటు బరువులో 33 శాతం అయింది.

ఇక వైశాల్యం. 50 మీటర్ల టేపు, 5 మీటర్ల వెడల్పు అంటే 250 చదరపు మీటర్లు, హెక్టారులో 40వ వంతు. టేపు వెంట 25 కిలోల చేప కనిపిస్తే హెక్టారుకు 1,000 కిలోలు. ఆ సమయంలో 20 కిలోల సొరచేప ఒక్కటి అడ్డంగా ఈదుకుంటూ పోయిందనుకోండి, హెక్టారుకు 800 కిలోలు అదనంగా చేరిపోతాయి. అది నిమిషం తర్వాత వెనక్కి తిరిగొస్తే, దాన్నే మళ్లీ రాస్తే, ఇంకో 800. మనుషుల్ని చూడని చోట సొరచేపలకు డైవరంటే కుతూహలం. దూరం నుంచి కూడా దగ్గరికొచ్చి చుట్టూ తిరుగుతాయి. కదలని చేపల్ని లెక్కపెట్టే పద్ధతితో కదిలే చేపల్ని లెక్కపెడితే వచ్చే తప్పు ఇది.

పామైరాలో గ్రే రీఫ్ సొరచేపల్ని పట్టి, గుర్తు తగిలించి వదిలి, మళ్లీ ఎన్ని చిక్కాయో చూసి అసలు సంఖ్య లెక్కగట్టారు. 2017లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం దీవి చుట్టూ ఉన్నవి సుమారు 8,300, చదరపు కిలోమీటరుకు 21 చొప్పున. కంటిచూపుతో వేసిన పాత లెక్కల కంటే ఇది చాలా తక్కువ. కింగ్‌మన్ అంకెను కూడా ఈ వెలుగులోనే చూడాలి. వేటచేపలు విరివిగా ఉన్నాయన్నది నిజం, ఎన్ని టన్నులన్నది మాత్రం బాగా తగ్గించి చదువుకోవాల్సిన మాట.

తప్పు తగ్గించుకోవడానికి ఇప్పుడు పాటించే జాగ్రత్తలు చెబుతాం. ఒక పద్ధతిలో డైవరు టేపు వెంట నడవడు. 15 మీటర్ల వ్యాసం గల స్తంభం తన చుట్టూ ఉన్నట్టు ఊహించుకుని మధ్యలో నిలబడతాడు. మొదటి 5 నిమిషాలు కనిపించిన జాతుల పేర్లే రాసుకుంటాడు. ఆ తర్వాత ఒక్కో జాతినీ తీసుకుని, గుండ్రంగా తిరుగుతూ, ఆ క్షణాన స్తంభంలో ఉన్నవాటినే లెక్కపెడతాడు. సొరచేపల కోసం విడిగా ఎర కెమెరాలు దించుతారు. ఇనుప చట్రం మీద కెమెరా, దాని ముందు కడ్డీకి వేలాడదీసిన సంచిలో నూనె ఎక్కువుండే కిలో చేపముక్కలు, 60 నిమిషాల రికార్డింగు. ఒకే ఫ్రేములో ఒకేసారి కనిపించిన అత్యధిక సంఖ్యనే తీసుకుంటారు కాబట్టి వచ్చిందే మళ్లీ వచ్చినా రెండోసారి లెక్కకెక్కదు. చట్రాల మధ్య 400–500 మీటర్లైనా ఎడం లేకపోతే ఒకే సొరచేప వాసన పట్టుకుని రెండు కెమెరాలకూ ముఖం చూపిస్తుంది.

ప్ర: పగడాల్ని ఏటా కొలుస్తారంటారు. పోయినేడు చూసిన పగడమే ఇదని సముద్రం అడుగున ఎలా గుర్తుపడతారు? – నీటి అడుగు ఫోటోలు తీసే అభిరుచి ఉన్న పాఠకుడు

జ: వెనకటి పద్ధతిలో గుర్తుపట్టడం ఉండేది కాదు. టేపు పరిచి, ప్రతి అర మీటరుకూ కింద పగడం ఉందా, నాచు ఉందా, ఇసుక ఉందా అని రాసుకునేవారు. ‘పగడాలు 40 శాతం నుంచి 35కు తగ్గాయి’ అని తేలేది. కానీ చచ్చినవి ఎన్ని, కొత్తగా మొలిచినవి ఎన్ని, టేపు రెండు అడుగులు పక్కకు పడినందువల్ల వచ్చిన తేడా ఎంత? ఏదీ విడదీయలేం.

ఇప్పుడు దిబ్బ ముక్కను యథాతథంగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. మీకు కెమెరా అలవాటుంది కాబట్టి వివరంగా చెబుతాం. సాధారణంగా 10 మీటర్ల లోతులో 10 × 10 మీటర్ల మడి ఎంచుకుంటారు. ఆ లోతులో అలల ఊపు భరించదగ్గట్టుంటుంది, వెలుతురు చాలుతుంది, డైవరు గంటసేపు ఉన్నా ఒంట్లో నత్రజని పేరుకునే సమస్య పెద్దగా రాదు. మూలల్లో చచ్చిన రాతిలో స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు పాతుతారు. మామూలు ఇనుము పనికిరాదు, ఎందుకో కింద ఇంకో జవాబులో చూడండి. అర మీటరు పొడవున్న కొలత పట్టీలు మూడు నాలుగు అడుగున పెట్టి, ఒక్కో చోట లోతు రాసుకుంటారు. ఇవి మరిచిపోతే తయారయ్యే బొమ్మ ముచ్చటగానే ఉంటుంది గానీ అందులో పగడం పొడవు 20 సెంటీమీటర్లో 25 సెంటీమీటర్లో తేల్చలేం. నేల ఏటవాలు ఎంతో కూడా తెలియదు.

డైవరు అడుగుకు మీటరున్నర ఎత్తులో, కెమెరా కిందికి పెట్టి, పొలం దున్నినట్టు అటు చివర నుంచి ఇటు చివరకు, తిరిగి అటు ఈదుతాడు. సెకనుకో ఫోటో. మడి పూర్తయ్యాక అడ్డంగా మళ్లీ దున్నుతాడు. ఒక మడికి 2,500 నుంచి 3,500 ఫోటోలు. పక్కపక్క ఫోటోలు మూడొంతులు ఒకదాని మీద ఒకటి పడాలి. అప్పుడే సాఫ్ట్‌వేరు ఒకే బిందువును చాలా కోణాల్లో చూసి త్రిమితీయ నమూనా కట్టగలుగుతుంది. మరుసటిసారి అదే కడ్డీల మధ్య అదే పని చేసి, రెండు నమూనాల్ని ఒకదానిపై ఒకటి పెడితే పగడం పగడానికీ జమాఖర్చు తేలుతుంది.

పని చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా పెట్టె వేడిగాలి తగలగానే లోపల చెమర్చుతుంది. నీళ్లలోకి దిగాక తుడవడం కుదరదు, 3,000 ఫోటోలూ మసకే. కెమెరాను ముందురోజు రాత్రే బయటి గదిలో ఉంచాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో అలల నీడలు వలలా అడుగున కదులుతుంటాయి. సాఫ్ట్‌వేరు ఆ వెలుగు గీతల్ని నేల మీది గుర్తులనుకుని గందరగోళపడుతుంది. ఉదయం పూటో, మబ్బు పట్టినప్పుడో తీస్తే మేలు. కదలికకు ఫోటో చెదిరిపోకుండా షట్టరు వేగం సెకనులో 250వ వంతు కంటే నెమ్మదించకూడదు. మెత్తని నాచు, సముద్రపు విసనకర్రలనే మెత్తని పగడాలు ఊగుతూ ఉన్న చోట నమూనా చిరిగిపోయినట్టు వస్తుంది. దానికి మందు లేదు, ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయడమే. అన్నిటికంటే ముఖ్యం: ఆ రాత్రే ఓడ మీద ల్యాప్‌టాప్‌లో తక్కువ నాణ్యతతోనైనా నమూనా ఒకసారి కట్టి చూడాలి. చిల్లు కనిపిస్తే తెల్లారి మళ్లీ దిగవచ్చు. ఇంటికెళ్లాక కనిపిస్తే ఆ దీవికి ఇంకోసారి ఓడ దొరికేదాకా ఆగాల్సిందే.

ప్ర: ఉపగ్రహ చిత్రాలుండగా ఇంత తంటా ఎందుకు?

జ: సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. పైన చెప్పిన మడి మొత్తం అందులో ఒక్క చుక్క. దిబ్బ ఎక్కడుంది, లోతెంత, ఇసుకెక్కడ అన్నవి చెబుతుంది. బతికున్న పగడమా, చచ్చి నాచు పట్టినదా అన్నది నమ్మకంగా చెప్పలేదు, నీళ్ల లోతు పెరిగేకొద్దీ అసలే చెప్పలేదు. చేపల సంగతి సరేసరి. ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికీ, నీటి పైపొర వేడి చూడటానికీ మాత్రం దానికి మించింది లేదు.

ప్ర: మనుషుల్లేని దీవుల్లో కూడా వేడికి పగడాలు తెల్లబారి చనిపోతున్నాయి కదా. ఇక వేట నిషేధాలూ, రక్షిత ప్రాంతాలూ దేనికి? – పర్యావరణ సంఘం కార్యకర్త

జ: మొదటి వాక్యం పూర్తిగా నిజం. 2015–16 ఎల్‌నినోలో మనుషులు లేని పసిఫిక్ దీవి జార్విస్ పగడాల్లో 95 శాతం దాకా పోయాయి. వేడికి సరిహద్దు రేఖలు తెలియవు. రక్షిత ప్రాంతం ప్రకటించినంత మాత్రాన పగడం తెల్లబారకుండా ఆగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు కొలత సంగతి. ఒకచోట ఏడాదిలో అతి వేడి నెల సగటు 28.5 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. నీళ్లు దానికంటే ఒక డిగ్రీ పైకి, అంటే 29.5 దాటితే పగడానికి కష్టం మొదలవుతుంది. 28.5 కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువో, ఎన్ని వారాలో గుణించి, గడిచిన 12 వారాలకు కలుపుతారు. 30 డిగ్రీల నీళ్లు 4 వారాలు నిలిస్తే 1.5 × 4 = 6 డిగ్రీ-వారాలు. 4 దాటితే తెల్లబారడం, 8 దాటితే పెద్ద ఎత్తున చావులు ఉంటాయని అంచనా. ఉపగ్రహాల ఆధారంగా ఈ లెక్క ప్రపంచంలోని ప్రతి దిబ్బకూ రోజూ వేస్తున్నారు.

ఇప్పుడు రెండో వాక్యం. దెబ్బ తిన్నాక ఏమవుతుందన్నది దగ్గరి పరిస్థితుల మీద ఆధారపడుతుంది. ఆస్ట్రేలియా వాయవ్యంలో స్కాట్ దిబ్బ ఉంది. తీరానికి 250 కిలోమీటర్ల పైన దూరం, చుట్టుపక్కల లార్వాలు, అంటే నీళ్లలో కొట్టుకొచ్చే పగడపు పిల్లల్ని, పంపే ఇంకో దిబ్బ కూడా లేదు. 1998 వేడికి అక్కడ పగడం కప్పిన నేల 9 శాతానికి పడిపోయింది. విత్తనం వచ్చే దారి లేదు కాబట్టి కోలుకోవడం దశాబ్దాల మాట అనుకున్నారు. పన్నెండేళ్లలో 44 శాతానికి చేరింది. బతికి మిగిలిన కొద్ది పగడాలే పెరిగి, పిల్లల్ని వేసి, ఆ పిల్లలు బురద, మురుగు, నాచు పోరు లేకుండా బతికాయి. బయటి నుంచి లార్వాలు రావడం కంటే ఉన్న పిల్లలు బతకడమే ముఖ్యమని అందరికీ తెలిసొచ్చింది. 2016లో ఆ దిబ్బ మళ్లీ తీవ్రంగా తెల్లబారింది. రెండు వేడి దెబ్బల మధ్య వ్యవధి పన్నెండేళ్ల కంటే తగ్గితే స్కాట్ లాంటి దిబ్బ కూడా ప్రతిసారీ ఇలా లేవలేదు.

కిరిటిమాటిలో ఇంకో సంగతి బయటపడింది. 2015–16లో అక్కడ వేడి పది నెలలు నిలిచి, నేలను కప్పిన పగడంలో దాదాపు 90 శాతం పోయింది. అయినా కొన్ని పగడాలు నీళ్లు చల్లబడకముందే రంగు తిరిగి తెచ్చుకున్నాయి. అవన్నీ ఊరికి దూరంగా, మురుగు తగలని వైపు ఉన్నవే. ఊరి పక్కన అలా జరగలేదు. కాబట్టి మా జవాబు: కర్బన ఉద్గారాలు తగ్గించే పనికి రక్షిత ప్రాంతం బదులు కాదు. ఆ పని జరిగేలోగా కోలుకునే శక్తిని చంపకుండా చూడటం మాత్రం దానివల్ల అవుతుంది.

ప్ర: దీవిలో ఎలుకలు చంపితే నీళ్లలో పగడాలు బాగుపడతాయని చదివాను. అచ్చు తప్పేమోనని అడుగుతున్నాను.

జ: అచ్చు తప్పు కాదు. సముద్రపక్షులు దూరంగా నడిసముద్రంలో చేపలు తిని, దీవి మీద రెట్ట వేస్తాయి. వాన దాన్ని దిబ్బ మీదికి కడుగుతుంది. ఎలుకలు గుడ్లూ పిల్లలూ తినేస్తే ఆ ఎరువు ఆగిపోతుంది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఎలుకలున్న ఆరింటినీ లేని ఆరింటినీ పోల్చి చూశారు. ఎలుకలు లేనిచోట పక్షులు 760 రెట్లు, దీవికి చేరే నత్రజని 251 రెట్లు. పక్కనున్న దిబ్బలో చేపల బరువు 48 శాతం ఎక్కువ. నాచు మేసే చేపలు పెరిగితే పగడాలకు చోటు దొరుకుతుంది. 2018లో ఈ ఫలితం వచ్చింది. పామైరాలో అంతకుముందే, 2011లో, ఎలుకల్ని పూర్తిగా తొలగించారు.

మురుగు చెడ్డదైతే రెట్ట మంచిదెలా అయిందని కొందరడిగారు. మోతాదూ, మిశ్రమమూ వేరు. మురుగుతో పాటు మట్టి, రోగకారక సూక్ష్మజీవులు, మందుల అవశేషాలు దిగుతాయి.

పైన ఇనుప కడ్డీ వద్దన్నాం. కారణం కూడా పామైరాలోనే ఉంది. 1991లో అక్కడ ఒక చేపల ఓడ మునిగింది. ఆ చుట్టుపక్కల నీళ్లలో ఇనుము సహజంగా చాలా తక్కువ. తుప్పు కరిగేసరికి, పగడానికి దూరపు చుట్టమైన ఒక మెత్తని జీవి దుప్పటి కప్పినట్టు పాకి కింది పగడాల్ని చంపేసింది. ఒడ్డుకు దగ్గరి దిబ్బలో ఇనుము ఎప్పుడూ ఉండేదే, అక్కడ ఓడ మునిగితే ఇంత జరగకపోవచ్చు. దూరపు పగడపు దీవిలో ఒక్క శిథిలమే దిబ్బ రంగు మార్చేసింది. 2013–14లో ఆ ఓడను ముక్కలు చేసి పైకి తీశారు. అలాంటి చోట శిథిలం తొలగించడం సింగారం కోసం చేసే పని కాదు, ఖర్చెక్కువైనా మొదటి చికిత్స అదే.

ప్ర: ఎవరూ వెళ్లని చోటికి పరిశోధకులు వెళ్లడమే హాని కాదా?

జ: అవుతుంది, జాగ్రత్త లేకపోతే. హవాయి దీవుల వాయవ్య భాగంలోని పాపహానౌమొకువాకియా రక్షిత ప్రాంతంలో, పెర్ల్ అండ్ హెర్మీస్ దీవి దగ్గర 2016లో ఎన్నడూ చూడని ఎర్ర నాచు కంటబడింది. చాపలా పరుచుకుని పగడాల్ని కప్పేస్తుంది. చిన్న తునక చాలు, కొత్తచోట వేళ్లూనుతుందన్న భయంతో ఆ తర్వాత డైవర్ల సామాను శుభ్రత నియమాలు ఇంకా బిగించారు.

పాటించాల్సినవి ఇవి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లే ముందు వెట్‌సూట్లు, కాళ్లకు తొడిగే ఈత రెక్కలు, టేపులు, చట్రాలు, పడవ లంగరు తాడు అన్నీ క్రిమిసంహారక ద్రావణంలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఎక్కువమంది మరిచేది తేలుడు జాకెట్టు లోపలి సంచి. అందులో మిగిలిన గుక్కెడు నీళ్లలోనే సగం సముద్రం ఉంటుంది, ద్రావణం లోపలికి కూడా పోసి ఊపి ఒంపాలి. దీవి మీద దిగేవాళ్ల బట్టలు కొత్తవై ఉండాలి, దిగేముందు 48 గంటలు ఫ్రీజర్లో పెట్టాలి. గింజలూ, పురుగుల గుడ్లూ అప్పుడే చస్తాయి. లంగరు ఇసుకలోనే వేయాలి, ఇసుక దొరక్కపోతే పడవను నడుపుతూనే ఉంచి డైవర్లను దించాలి.

నమూనాల విషయంలో ఒక హెచ్చరిక. గట్టి పగడాలన్నీ, అడవి జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. గోరంత ముక్కైనా దేశం దాటించాలంటే ఎగుమతి పర్మిట్ కావాలి. దిగుమతి చేసుకునే దేశం నియమాలు వేరే. ఓడ ఎక్కాక గుర్తొస్తే చేసేదేమీ లేదు.

ప్ర: దూరపు దిబ్బల అంకెల్ని మామూలు దిబ్బకు ఎలా అన్వయించాలి? అక్కడిలా చేయడం అసాధ్యం కదా? – మత్స్య సహకార సంఘంలో పనిచేసే పాఠకుడు

జ: అక్కడిలా చేయమని ఎవరూ అడగరు. అంకెను గమ్యంగా కాక, కొలబద్దలో పైగీతగా చూడాలి.

ప్రపంచంలోని 832 దిబ్బల లెక్కలతో 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం, వేట లేని దిబ్బలో అక్కడే ఉండే చేపల బరువు సగటున హెక్టారుకు 1,000 కిలోలకు కాస్త పైన. సొరచేపల్లాంటి తిరుగుడు చేపల్ని ఇందులో కలపలేదు. కింగ్‌మన్ 5 టన్నులకూ దీనికీ పొంతన కుదరకపోవడానికి ఒక కారణం అది. వేట సాగే దిబ్బల్లో 83 శాతం, ఆ పైగీతలో సగం కంటే కిందే ఉన్నాయి. వేట ఆపితే దాదాపు పూర్తిగా కోలుకోవడానికి సగటున 35 ఏళ్లు, బాగా ఊడ్చుకుపోయిన చోట 59 ఏళ్లు పడుతుందని అంచనా. మూడేళ్ల ప్రాజెక్టు రాసుకుని ‘చేపలు పెరగలేదు’ అని చేతులెత్తేసే సంఘాలకు ఈ రెండు అంకెలూ గోడ మీద రాసిపెట్టాలి.

పట్టుబడి బాగుండాలీ, దిబ్బ నిలవాలీ అంటే హెక్టారుకు 300–600 కిలోల మధ్య ఉంచడం మంచిదని హిందూ మహాసముద్రపు దిబ్బల మీద జరిగిన ఇంకో పరిశోధన చెబుతోంది. మీ దిబ్బలో 450 ఉంటే అంతా మూసేయనక్కర్లేదు. వల కన్ను పెద్దది చేయడం, నాచు మేసే చిలుకచేపల్ని రాత్రి ఈటెలతో వేటాడకుండా ఆపడం వంటివి చాలవచ్చు. 150 ఉంటే కొంత భాగమైనా పూర్తిగా మూయాల్సిందే. ఇంకో మాట, పగడాలు పచ్చగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. చేపలు తగ్గిన చాలాకాలానికి గానీ నేలను కప్పిన పగడం తగ్గదు.

మూసిన చోటు ఎలా ఉండాలి? 87 రక్షిత ప్రాంతాల్ని పోల్చిన 2014 పరిశోధనలో ఐదు లక్షణాలు తేలాయి: వేట పూర్తిగా నిషిద్ధం, నిఘా నిజంగా ఉండటం, పదేళ్లు దాటడం, 100 చదరపు కిలోమీటర్ల పైన వైశాల్యం, చుట్టూ లోతు నీరో ఇసుకో ఉండి విడిగా ఉండటం. ఒకటి రెండు మాత్రమే ఉన్నవి బయటి నీళ్లకూ లోపలి నీళ్లకూ తేడా చూపలేకపోయాయి. ఐదింట్లో వైశాల్యం, ఏకాంతం మీ చేతుల్లో ఉండకపోవచ్చు. నిఘా మాత్రం ఉంటుంది. అది లేని బోర్డుకు పెయింటు ఖర్చు కూడా దండగే.

ప్ర: నీటి వేడి రాసుకునే లాగర్లు ఏళ్లతరబడి వదిలేస్తారట. నమ్మొచ్చా?

జ: పెట్టే తీరును బట్టి. ఎండ నేరుగా పడితే లాగరు తన ఒళ్లు కాగిన వేడిని నీటి వేడిగా రాసుకుంటుంది, నీడ తొడుగులో పెట్టాలి. పెట్టేముందూ తీశాకా అన్నిటినీ కలిపి, దంచిన మంచుగడ్డలో కొద్దిగా నీళ్లు పోసి అరగంట కలియబెట్టాలి. సున్నా చూపనిదాన్ని పక్కన పెట్టాలి లేదా తేడా రాసుకోవాలి. గడియారం ప్రపంచ ప్రామాణిక సమయానికే పెట్టండి, దీవికో సమయం పెడితే తర్వాత ఎవరూ సరిచేయలేరు.

అన్నిటికంటే మామూలు తప్పు మెమరీ నిండిపోవడం. 42,000 రీడింగులు పట్టే లాగరును 10 నిమిషాలకోసారి రాయమంటే 291 రోజులకే నిండుతుంది. ఓడ మూడేళ్లకు గానీ తిరిగి రాకపోతే మిగతా రెండేళ్లూ ఖాళీ. గంటకోసారి పెడితే నాలుగున్నరేళ్లు దాటుతుంది. బ్యాటరీ అంతకాలం వస్తుందో లేదో అదీ చూసుకోవాలి. ఒక్కోచోట రెండేసి పెడితే ఒకటి అల కొట్టుకుపోయినా రెండోది మిగులుతుంది.

ప్ర: డైవింగ్ సర్టిఫికెట్ ఉంది. చేపల సర్వేలో చేరాలంటే ముందు ఏం సాధన చేయాలి?

జ: పొడవు అంచనా. నీళ్లలో వస్తువు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తుంది. 8 నుంచి 60 సెంటీమీటర్ల దాకా వేర్వేరు పొడవుల్లో 30 ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి, అంకె వెనకవైపు రాసి, స్నేహితుణ్ని అడుగున చెల్లాచెదురుగా కట్టమనండి. వరస తెలియకుండా ఈదుతూ అంచనాలు రాయండి, పైకొచ్చి సరిచూసుకోండి. సగటు తప్పు 5 శాతం లోపు వచ్చేదాకా రోజూ ఇదే పని. తప్పు ఎప్పుడూ ఒకవైపే, పెద్దదనో చిన్నదనో, పడుతుంటే దిద్దుకోవడం తేలిక. అటూ ఇటూ పడుతుంటే తొందరపడుతున్నారని అర్థం. పలక అంచున సెంటీమీటర్ల గీతలు గీసుకుంటే చేయి చాపి పోల్చుకోవచ్చు. దూరపు దిబ్బలకు వెళ్లేటప్పుడు కూడా ఓడ మీద ఆ పైపు ముక్కలు ఉండాలి. రెండు వారాలు దిగకపోతే కన్ను మళ్లీ మొదటికొస్తుంది.